పిలిస్తే వస్తారు, పని ఇస్తే నిలుస్తారు

(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మధ్యాహ్నం భోజనాలై, అంట్లు ఒక కొలిక్కి వచ్చి, పిల్లలు బడినుంచి రావడానికి ఇంకా కాస్త వ్యవధి ఉన్న ఈ వేళ మనది. ఈ కాస్త తీరికనూ నాకిచ్చి కూర్చున్నందుకు ముందుగా కృతజ్ఞతలు. ఈ వేళ వంట గురించి గానీ, పిల్లల పెంపకం గురించి గానీ మాట్లాడను. మన వీధిలో, మన కాలనీలో నలుగురు ఆడవాళ్ళం కలిసి ఒక సేవాసంఘం పెట్టుకుంటాం గదా. మొదటిరోజు కుర్చీలు చాలవు. రెండో ఏటికి కుర్చీలు మిగిలిపోతాయి. మూడో ఏటికి కుర్చీలు అద్దెకు తేవడమే మానేస్తాం. ఎందుకిట్లా అవుతుంది? వచ్చినవాళ్ళు నిలవాలంటే ఏం చెయ్యాలి? అదీ ఈనాటి విషయం.

నేను పెద్ద చదువు చదువుకున్న దాన్ని కాదు. పదో తరగతి ప్యాసయి, పెళ్ళయి, 2000లో సూళ్లూరుపేట కాపురానికి వచ్చాను. ఇంటిపని చూసుకుంటూ, వీలైనప్పుడు రేడియోలో నాలుగు మాటలు చెప్పడం తప్ప నాకు వేరే ఉద్యోగమంటూ లేదు. కాబట్టి పుస్తకాల్లోని సిద్ధాంతాలు చెప్పను. చేసిన తప్పులే చెబుతాను. అవి నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి.

మాది పులికాట్ ఒడ్డు. మన దేశంలో ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తరువాత పెద్దది పులికాటే. ఇటు మా సూళ్లూరుపేట, తడ. అటు శ్రీహరికోట దీవి. దీవి దాటితే బంగాళాఖాతం. కాళంగి, స్వర్ణముఖి నీళ్ళు ఇందులోకే వస్తాయి. చలికాలం వస్తే శ్రీహరికోట రోడ్డుకు రెండువైపులా ఫ్లెమింగోలు బారులు తీరి నిలబడతాయి. వాటి పేరున 2001 నుంచి మా ఊళ్ళో పండుగ కూడా చేస్తున్నారు. చుట్టాలు వచ్చినప్పుడల్లా నన్నడుగుతారు, "ఏమమ్మా, ఇంత దూరం ఇవి ఎందుకొస్తాయి, ఎవరు పిలిచారు వీటిని?" అని.

ఎవరూ పిలవలేదు. ఎవరూ ఆహ్వానపత్రిక అచ్చువేయించలేదు. లోతులేని నీళ్ళున్నాయి, ఆ నీళ్ళలో మేత ఉంది, వచ్చాయి. ఏ ఏడైనా వానలు తక్కువై సరస్సు ఎండితే ఎంత పండుగ చేసినా ఎక్కువ రావు. అంతే గదా.

ఇంకొక సంగతి గమనించండి. ఫ్లెమింగోలు పులికాట్‌కు మేత కోసం వస్తాయి గానీ ఇక్కడ గూడు పెట్టవు. కాలం తీరగానే ఎగిరిపోతాయి. అదే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువు చూడండి. 1976లో దాన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. అక్కడ గూడబాతులు, అంటే పెలికాన్లు, నీళ్ళలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను పెంచుకుని మరీ వెళతాయి. మేత పులికాట్‌లో, గూడు నేలపట్టులో! నేలపట్టులో అంత ధైర్యంగా గూడు ఎందుకు పెడతాయంటే అక్కడి ఊరివాళ్ళు వాటిని తరమరు, కొట్టరు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పారితే పైరుకు బలమని వాళ్ళకు అనుభవం. పక్షికి భద్రత, రైతుకు ఎరువు. ఇద్దరికీ లాభమే.

మన సంఘాలకూ ఇంతే. మేతకు వచ్చే సభ్యులు వేరు, గూడు కట్టుకునే సభ్యులు వేరు. కాఫీ, టిఫిను, ఫోటో, ముగ్గుల పోటీ... ఇవన్నీ మేత. తప్పని నేననను. కానీ మేత ఒక్కటే పెడితే పండుగరోజు వస్తారు, మరునాడు ఎగిరిపోతారు. నిలవాలంటే గూడుండాలి. గూడంటే తనకంటూ ఒక చోటు, తనకంటూ ఒక పని, తనను ఎవరూ చిన్నబుచ్చరన్న నమ్మకం.

ఇక మా సంగతికి వస్తాను. 2011లో మా వీధుల్లో ఆడవాళ్ళం కలిసి ఒక సేవాసంఘం పెట్టుకున్నాం. షామియానా వేశాం, మైకు పెట్టాం. ఆ రోజు పుస్తకంలో సంతకాలు పెట్టినవాళ్ళు నలభైముగ్గురు. అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి అని ముగ్గురం పైన కుర్చీల్లో, మిగతా నలభైమంది క్రింద చాపల మీద. అందులో కార్యదర్శిని నేనే. 2015 వచ్చేసరికి నెలసరి సమావేశానికి వచ్చేవాళ్ళు తొమ్మిదిమంది మిగిలాం. ఆ తొమ్మిదిమందిమీ కూర్చుని ఏం మాట్లాడుకునేవాళ్ళమో తెలుసా? రానివాళ్ళ గురించి! "ఈ కాలం ఆడవాళ్ళకు సేవాభావమే లేదమ్మా, టీవీ ముందునుంచి లేవరు" అనుకునేవాళ్ళం. అట్లా అనుకుంటే ఎంత హాయిగా ఉంటుందో! తప్పు మనది కాదు గదా.

ఆ నవంబరులో వానలు కురిశాయి. నెల్లూరు, చిత్తూరు జిల్లాలను, అటు మద్రాసును ముంచెత్తిన 2015 వానలు మీకందరికీ జ్ఞాపకమే ఉంటాయి. అప్పటికి మాది నెల్లూరు జిల్లాయే. 2022 ఏప్రిల్‌లో కదా తిరుపతి జిల్లాలో చేరాం. మా ఊళ్ళో పల్లపు వీధుల్లో నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి. పిల్లాజెల్లాతో జనం మెరకకు వచ్చారు. ఒక కళ్యాణమండపం తాళం తీయించి, మా తొమ్మిదిమందిమీ పులిహోర వండుదామని కూర్చున్నాం. పది కిలోల బియ్యం కడిగేసరికి అర్థమైంది, ఇది మా చేతనయ్యే పని కాదని.

అప్పుడు చూడండి! ఒకామె గొడుగు వేసుకుని శేరు బియ్యం కొంగున కట్టుకుని వచ్చింది. వెనకాల ఇంకొకామె గ్యాసు పొయ్యితో సహా వచ్చింది. సాయంత్రానికి ముప్ఫైమందికి పైగా ఉన్నాం. వాళ్ళెవరనుకున్నారు? మా పుస్తకంలో సంతకం పెట్టి, మళ్ళీ ముఖం చూపించని వాళ్ళే. టీవీ ముందునుంచి లేవరని మేము తీర్మానించిన వాళ్ళే. రాత్రి పదకొండింటిదాకా నిలబడి పొట్లాలు కట్టారు. ఒక్కరూ "నాకేం పని?" అని అడగలేదు. పని కళ్ళ ముందు కనబడుతోంది.

ఆ రోజు నాకు సిగ్గు వేసింది. వీళ్ళకు సేవ ఇష్టం లేకపోవడం కాదు, మా సమావేశాలు ఇష్టం లేదు.

వాళ్ళలో ఒక అక్క ఉంది. పేరు చెప్పను. మా సంఘం పెట్టినప్పుడు అందరికంటే ఉత్సాహంగా ఉన్నది ఆమే. లెక్కల్లో దిట్ట. రెండో సంవత్సరంలో ఆమె భర్త పోయారు. తరువాత రెండు మూడు నెలలకు ఒకసారి సమావేశానికి వచ్చింది, ఆపైన మానేసింది. దుఃఖంలో ఉంది గదా, బలవంతపెట్టకూడదులే అనుకున్నాం. ఆ వానల రాత్రి ఆమె ఒక మూల కూర్చుని ఏ ఇంటినుంచి ఎంత బియ్యం వచ్చింది, ఎన్ని పొట్లాలు ఏ వీధికి వెళ్ళాయి అని పిల్లల నోటుబుక్కులో పైసాతో సహా రాస్తోంది. నేను పక్కన చతికిలబడి, "అక్కా, ఇంత బాగా చేస్తావు, మన సంఘానికి ఎందుకు మానేశావు?" అన్నాను.

ఆమె రాస్తున్న కలం ఆపలేదు. "పళ్ళెం పక్కకు జరిపావు గదమ్మా" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. మా సంఘంలో ప్రతి సమావేశానికీ గుమ్మం దగ్గర ఒకరు పసుపు, కుంకుమ, గంధం, పూల పళ్ళెం పట్టుకుని నిలబడేవాళ్ళం. భర్త పోయిన తరువాత ఆమె మొదటిసారి వచ్చిననాడు ఆ పళ్ళెం పట్టుకుని నిలబడ్డది నేనే. ఆమె దగ్గరకు రాగానే ఏం చెయ్యాలో తోచక పళ్ళెం కాస్త పక్కకు జరిపి, వెనకాల వస్తున్న ఆమెకు బొట్టు పెట్టానట. ఒక్క మాట అనలేదు. పళ్ళెం జానెడు జరిపాను, అంతే. నాకు ఆ సంగతి గుర్తే లేదు! ఆమె మాత్రం మూడేళ్ళు మరిచిపోలేదు.

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. "పొట్లాలు చల్లారిపోతున్నాయి, పంపించు" అంది.

అమ్మలారా, ఈ సంగతి నలుగురిలో చెప్పుకోవడం నాకు సులువు కాదు. కానీ సభ్యులు ఎందుకు రావడం లేదని చందా మీదా, తీరిక మీదా, టీవీ మీదా నెపం వేసేముందు, మనం ఎవరి దగ్గర ఏ పళ్ళెం పక్కకు జరిపామో చూసుకోవాలి. బొట్టుపళ్ళెమే కానక్కర లేదు. ఒకామె నగ లేకుండా వస్తుంది, ఆమెను చివర కూర్చోబెడతాం. ఒకామె అద్దె ఇంట్లో ఉంటుంది, "మీరు ఎన్నాళ్ళుంటారో" అంటాం. ఒకామెకు పిల్లలు లేరు, మన మాటలన్నీ పిల్లల చదువుల మీదే. ఎవరూ కోపంతో తలుపు ధడాలున వేసి వెళ్ళిపోరు. "వచ్చే నెల చూస్తానండీ" అంటారు. ఆ మాట విన్నప్పుడే మనం మేలుకోవాలి.

తరువాత నేను వాళ్ళింటికి వెళ్ళి క్షమించమని అడిగాను. "సరేలే" అంది గానీ సంఘానికి రానంది. "లెక్కల పుస్తకం మాత్రం పంపించు, చూసి పెడతాను" అంది. నాలుగు నెలలు పుస్తకం వాళ్ళింటికి వెళ్ళి వచ్చింది. గుమ్మం దగ్గర పళ్ళెం తీసేసి, వచ్చిన ప్రతివాళ్ళకూ ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చే పద్ధతి పెట్టాం. దీనికి ఒప్పుకోక ఇద్దరు పెద్దవాళ్ళు మానేశారు. "ఆనవాయితీ తీసేసిన చోట మాకేం పని?" అన్నారు. వాళ్ళను పోగొట్టుకోవడం కూడా నాకు బాధే. అందరినీ సంతోషపెట్టే ఉపాయం ఏదీ నాకు దొరకలేదు. ఐదో నెలలో ఆ అక్క పుస్తకం తనే పట్టుకుని వచ్చింది.

ఇప్పుడు కాస్త వెనక్కి చూద్దాం. ఆడవాళ్ళు సంఘాలు పెట్టడం ఇవాళ్టిది కాదు. 1902లోనే బండారు అచ్చమాంబగారు మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఊళ్ళు తిరిగి సమాజాలు పెట్టించారు. గడప దాటడమే గగనమైన ఆ రోజుల్లో ఆడవాళ్ళను ఒకచోట చేర్చాలంటే ఎంత ఓర్పు కావాలో ఊహించుకోండి. 1905లో చిన్న వయసులోనే ఆవిడ పోయారు.

దుర్గాబాయమ్మగారి పేరు తెలియని తెలుగు ఇల్లాలు ఉండదు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ 1937లో మొదలైంది మహాభవనాలతో కాదు, మైలాపూరులో చిన్న ఆడపిల్లల క్లబ్బుగా. ఆ సభకు ఆడవాళ్ళు ఎందుకు వచ్చి నిలిచారంటే, వాళ్ళకు కావలసింది అక్కడ దొరికింది. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళను కూర్చోబెట్టి, బెనారసు మెట్రిక్ పరీక్షకు తయారుచేశారు. పెళ్ళయి చదువు పోయిన ఒక అమ్మాయికి "రా, మంచి ఉపన్యాసం ఉంది" అంటే వస్తుందా, "రా, పరీక్ష రాయిస్తాం" అంటే వస్తుందా? మీరే చెప్పండి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షురాలు ఆవిడే.

ఇక మా నెల్లూరు జిల్లా సంగతి. 1992లో నాకు పన్నెండేళ్ళు. అక్షరాస్యత ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. మా అమ్మ రాత్రిబడికి వెళుతూ లాంతరు పట్టుకోవడానికి నన్ను వెంట తీసుకెళ్ళేది. పలకమీద అక్షరాలు దిద్దుతూ ఆడవాళ్ళు తమ ఇళ్ళ సంగతులు చెప్పుకునేవాళ్ళు. ఎవరి సంగతి విన్నా చివరకు సారా దగ్గరే ఆగేది. వాచకంలో ఒక ఊరి ఆడవాళ్ళు సారా అంగడి మూయించిన పాఠం ఉండేది. దూబగుంటలో ఆడవాళ్ళు ఆ పాఠం చదివి ఊరుకోలేదు, తమ ఊళ్ళో చేసి చూపించారు. వర్ధినేని రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా వినబడింది. ఒక ఊరినుంచి ఇంకో ఊరికి పాకి, 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు, అది వేరే కథ.

ఆ ఉద్యమానికి చందా రశీదు పుస్తకం లేదు, షామియానా లేదు. ఐనా వేలకొద్దీ ఆడవాళ్ళు ఎట్లా వచ్చారు? ఎవరింట్లో మంట వాళ్ళకు తెలుసు గనుక వచ్చారు. ఉద్యమం చల్లబడ్డాక కూడా ఆ ఆడవాళ్ళు చెదిరిపోలేదు. రోజుకు రూపాయి చొప్పున పొదుపు చేసే "పొదుపు లక్ష్మి" సంఘాలు మా జిల్లాలోనే పుట్టాయి. ఇవాళ పొదుపు సంఘాలు ఊరూరా ఉన్నాయి. సంఘానికి పది పదిహేనుమంది. వాళ్ళ పంచసూత్రాలు విన్నారా? క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపల్లోపల అప్పు, సకాలంలో తీర్చడం, పుస్తకాలు సరిగా రాయడం. మన పట్నవాసపు క్లబ్బులు ఈ అయిదింటిలో మూడు పాటించినా బాగుపడతాయి. సమావేశం తేదీ మారకూడదు. లెక్క అందరి ముందూ పైకి చదవాలి. అందరికీ దాంట్లో పాలుండాలి.

విదేశాల సంగతీ ఒక మాట. రోటరీ క్లబ్బు పేరు వింటాం గదా. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే ఆయన ఇంకో ముగ్గురితో మొదలుపెట్టారు. రోటరీ అని పేరెందుకంటే, మొదట్లో ఒకసారి ఒకరి ఆఫీసులో, ఇంకోసారి ఇంకొకరి ఆఫీసులో, చక్రంలా తిరుగుతూ సమావేశమయ్యేవారట. అంటే అందరూ ఒకనాడు అతిథులే, ఒకనాడు ఆతిథ్యం ఇచ్చేవారే. ఐతే ఆ చక్రం ఆడవాళ్ళ దాకా తిరగడానికి చాలా కాలం పట్టింది. 1924లో ఇంగ్లండులోని మాంచెస్టరులో మార్గరెట్ గోల్డింగ్ అనే ఆవిడ రోటరీవారి ఇల్లాళ్ళతో ఇన్నర్ వీల్ క్లబ్బు పెట్టారు. లయన్స్‌లో 1987లో, రోటరీలో 1989లో మాత్రమే స్త్రీలను సభ్యులుగా చేర్చుకునేలా నియమం మార్చారు. తలుపు ఆలస్యంగా తెరిచారు గానీ, లోపలికి వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోలేదు. 2018లో లయన్స్‌కూ, 2022లో రోటరీకీ ప్రపంచాధ్యక్ష పదవిలో మొదటిసారి స్త్రీలు వచ్చారు.

వంతు అనే ఈ మాట మా పులికాట్‌కు కొత్త కాదు. సరస్సు దక్షిణాన, తమిళనాడు వైపు, కొన్ని జాలరి కుప్పాల్లో "పాడు" అనే ఏర్పాటు ఉంది. రొయ్యలు బాగా పడే చోట్లు కొన్నే ఉంటాయి. వాటికోసం కొట్టుకోకుండా, ఏ రోజు ఎవరు ఏ చోట వల కట్టాలన్నది వంతు ప్రకారం నడుస్తుంది. ఎంత బలమున్నవాడైనా ఇంకొకడి వంతు రోజున ఆ చోట వల వెయ్యకూడదు. ఎంత పేదవాడికైనా తన వంతు వస్తుంది. దాంట్లోనూ లోపాలు లేకపోలేదు. పాడు హక్కు ఆ కులపు పెళ్ళయిన మగవాళ్ళకే. ఆడవాళ్ళకు లేదు, ఇతరులకు లేదు. కానీ వంతు తప్పకుండా వస్తుందన్న నమ్మకమే మనుషులను ఒక కట్టుగా నిలుపుతుందన్నది మాత్రం నిజం.

మేము ఆ కిటుకే పట్టుకున్నాం. ఒక వంతుల పుస్తకం పెట్టాం. సమావేశం ఎవరింట్లో, అధ్యక్షత ఎవరిది, మజ్జిగ ఎవరిది, లెక్క చదివేది ఎవరు, అంతా వంతే. పైన కుర్చీలు తీసేశాం, అందరం చాపమీదే. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు మాత్రం కుర్చీలు. మొదట్లో ఒకామె అధ్యక్షత వంతు వస్తే భయపడి జ్వరమని కబురు పెట్టింది. ఇప్పుడు ఆమె మాట్లాడటం మొదలుపెడితే ఆపడం కష్టంగా ఉంది.

ఇక మీరు మీ ఊళ్ళో, మీ అపార్టుమెంటులో సంఘం పెట్టాలన్నా, పెట్టింది నిలబెట్టాలన్నా, నా అనుభవంలో పనికొచ్చిన మాటలు కొన్ని చెబుతాను.

పిలవడం ఇంటికి వెళ్ళి పిలవండి. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, వాట్సాప్‌లో ఒక మాట పెట్టేస్తే రెండు వందలమందికి చేరుతుంది. చేరుతుంది నిజమే, కానీ అది చాటింపు, పిలుపు కాదు. పెళ్ళికి బొట్టు పెట్టి పిలిచినదానికీ, ఎవరి ద్వారానో కబురు తెలిసినదానికీ తేడా మనకు తెలియదా? ఇద్దరు వెళ్ళండి. ఇంట్లో అత్తగారు ఉంటే ముందు ఆవిడతో మాట్లాడండి. "మీ కోడల్ని నెలకు ఒక గంట మాకివ్వండి, నాలుగింటికల్లా పంపిస్తాం" అనండి. చెప్పిన వేళకు పంపించండి. ఒక్కసారి ఆరయిందా, ఆ కోడలు మళ్ళీ రాదు.

వేళ ఆడవాళ్ళకు కుదిరేది పెట్టండి. మేము మొదట్లో సాయంత్రం అయిదింటికి పెట్టాం. అది బడి పిల్లలు వచ్చే వేళ, కొళాయి వచ్చే వేళ. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదంటే నమ్ముతారా! ఇప్పుడు మూడు నుంచి నాలుగు. చంటిపిల్లలను తెచ్చుకోవచ్చు, ఏడిస్తే ఎవరూ ముఖం చిట్లించరు. ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళకు ఇది కుదరదని మూడు నెలలకోసారి ఆదివారం కలుస్తాం.

చందా ముందు అడగకండి. ముందు "మీకేం వచ్చు?" అని అడగండి. ఒకరికి కుట్టుమిషన్ వచ్చు, ఒకరికి దరఖాస్తులు నింపడం వచ్చు, ఒకరికి ఏమీ రాదంటారు గానీ నూరుమందికి వంట చేసెయ్యగలరు. పాతచీరలతో, పాత దుప్పట్లతో మేము గుడ్డసంచులు కుడుతున్నాం. చలికాలంలో పక్షులను చూడటానికి వచ్చే జనం సరస్సు ఒడ్డున ప్లాస్టిక్ సంచులు పారేసి పోతారు. వాళ్ళకు ఈ సంచులు ఇస్తాం. ఎండాకాలంలో చలివేంద్రం. పింఛను కాగితాలు నింపలేని ముసలివాళ్ళకు నింపిపెట్టడం. చిన్నపనులే. కానీ ప్రతి పని మీదా ఒకరి పేరుంటుంది.

"మీరు ఊరికే కూర్చోండి, మేము చూసుకుంటాం" అనే మాట నోటివెంట రానివ్వకండి. అది మర్యాదలా ఉంటుంది గానీ, నీ అవసరం మాకు లేదని చెప్పడమే. చుట్టం ఎన్నాళ్ళుంటుంది? మూడు రోజులు. కూర తరిగిన మనిషే ఇంటిమనిషి.

కొత్తగా చేరినామెకు మూడు నెలలపాటు ఒక పాతసభ్యురాలిని తోడు పెట్టండి. ఇంటినుంచి వెంట తీసుకురావడం, పక్కన కూర్చోవడం, నలుగురికి పరిచయం చెయ్యడం ఆమె పని. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి ఎటు వెళ్ళాలో తెలియక నిలబడే ఆ ఒక్క నిమిషమే చాలామందిని వెనక్కి పంపేస్తుంది.

డబ్బు లెక్క ప్రతి సమావేశంలో పైకి చదవండి. పది రూపాయల దారపు ఉండ కూడా చదవండి. అనుమానం వచ్చాక చదివితే సంజాయిషీ అవుతుంది, రాకముందే చదివితే లెక్క అవుతుంది.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. వరసగా రెండుసార్లు రానివాళ్ళ ఇంటికి వెళ్ళండి. ఎందుకు రాలేదని నిలదియ్యడానికి కాదు, ఎలా ఉన్నారో చూడటానికి. ఒంట్లో బాగా లేకపోవచ్చు, ఇంట్లో గొడవ ఉండవచ్చు, మన మాట ఏదో గుచ్చుకుని ఉండవచ్చు. కొందరు మళ్ళీ రారు. ఫరవాలేదు. సంఘం మానేసినా మనిషి మనకు మిగలాలి.

ఇప్పుడు మేము ముప్ఫైఒక్కరం. మొదటిరోజు సంతకాల లెక్క కంటే ఇంకా తక్కువే. కానీ ఈ ముప్ఫైఒక్కరిలో ఒకరు రాకపోతే ఎవరు రాలేదో మిగిలినవాళ్ళందరికీ తెలుస్తుంది. ఆ అక్క రెండేళ్ళు కోశాధికారిగా ఉండి, వంతు ప్రకారం పుస్తకం ఇంకొకరికి అప్పగించింది. అప్పగించేనాడు నన్ను పిలిచి, "నీ అక్షరాలు కోడిగీతల్లా ఉంటాయి, నువ్వు మాత్రం ఈ పుస్తకం ముట్టుకోకు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సోదరీమణులారా, మిమ్మల్ని ఒకటే కోరతాను. మీరు ఏ సంఘంలో ఉన్నా సరే, మహిళామండలి కావచ్చు, భజన బృందం కావచ్చు, పొదుపు సంఘం కావచ్చు, ఈ వారంలో ఒకసారి పాత హాజరుపట్టీ తీసి చూడండి. పోయినేడు వచ్చి ఈ ఏడు రాని ఒక్క పేరు వెదకండి. ఫోను చెయ్యకండి. సాయంత్రం చీర మార్చుకుని వాళ్ళింటికి వెళ్ళండి. ఆమె మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు రాకుండా వినండి. ఆమె చెప్పింది మీకు నచ్చకపోవచ్చు. నాకూ ఆ రాత్రి నచ్చలేదు. కానీ మా సంఘం నిజంగా మొదలైంది షామియానా వేసిననాడు కాదు, ఆ రాత్రే.

మజ్జిగ మాత్రం అందరికీ ఒకే గ్లాసుల్లో ఇవ్వండి.